కొయ్యపెట్టెలో కుట్టుపని చరిత్ర: సూరత్ నగరం నేర్పే పునరుద్ధరణ పాఠం

పరిశ్రమల చరిత్ర అనగానే ఇనుము, బొగ్గు, ఆవిరి అనే మూడు మాటలు ముందుగా స్ఫురిస్తాయి. ఆ చరిత్రలో కొయ్యకు దక్కిన స్థానం స్వల్పం. అయితే పందొమ్మిదవ శతాబ్దిలో సామాన్య గృహంలోకి అడుగుపెట్టిన తొలి యంత్రాలలో ఒకటైన కుట్టుమిషను ఒంటరిగా రాలేదు. దానివెంట ఒక కొయ్యబల్ల, రెండు మూడు సొరుగులు, ఒక మూత వచ్చాయి. ఇనుప యంత్రం లోకమంతటా ఒకే తీరున పనిచేసింది. కొయ్యపెట్టె మాత్రం తాను చేరిన ఇంటి గాలిని, చెమ్మను, చేతుల రాపిడిని తనలో ఇముడ్చుకున్నది. అందువల్ల యంత్రచరిత్రను కర్మాగారాల పత్రాలలో వెదకవచ్చుగాని, ఆ యంత్రంతో జీవించిన మనుషుల చరిత్రను ఈ పెట్టెలలోనే వెదకవలసి ఉంటుంది.

పాత కుట్టుమిషను పెట్టెల పునరుద్ధరణకు సాంస్కృతిక ప్రాధాన్యం ఏర్పడింది ఈ కారణంగానే. కొయ్యపనికీ, వస్త్రవాణిజ్యానికీ శతాబ్దాలుగా పేరెన్నికగన్న సూరత్ నగరం ఈ విషయాన్ని పరిశీలించడానికి మిక్కిలి అనువైన స్థలం.

పెట్టె పుట్టుక

అమెరికాలో ఎలియాస్ హోవే 1846లోను, ఐజాక్ మెరిట్ సింగర్ 1851లోను కుట్టుయంత్రాలకు పేటెంట్లు పొందారు. సింగర్ తొలి యంత్రాలు బరువైనవి. వాటిని పంపిన చెక్కపెట్టెనే తిరగవేసి బల్లగా అమర్చుకుని, కాలితో తొక్కే ఏర్పాటును దానికి జోడించేవారు. రవాణాకు ఉద్దేశించిన పెట్టె ఈ విధంగా ఉపకరణంలో భాగమైంది. కుట్టుమిషను కొయ్యసామగ్రికి మూలం ఇదే.

యంత్రం కార్ఖానా నుంచి ఇంటికి చేరిన కొద్దీ పెట్టె రూపం మారింది. వసారాలోనో నడవలోనో నలుగురికీ కనిపించే వస్తువు అందంగా ఉండాలన్న కోరిక బలపడింది. సింగర్ సంస్థ 1868లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ పట్టణంలో పెట్టెల తయారీకే ప్రత్యేకంగా కర్మాగారం నెలకొల్పింది. వాల్‌నట్, ఓక్ కలప చేరువలో పుష్కలంగా లభించడం ఆ ఎంపికకు ముఖ్యకారణం. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్‌లో 1882లో నిర్మాణం మొదలై 1885లో పని ప్రారంభించిన బృహత్ కర్మాగారంలో యంత్రాలతోపాటు పెట్టెలు కూడా తయారయ్యాయి. అక్కడి కలప నిల్వలు రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941 మార్చి నాటి బాంబుదాడులలో దగ్ధమైపోయాయి. ఆ కర్మాగారం 1980లో మూతపడింది.

ఈ పెట్టెల నిర్మాణంలో గమనించవలసిన విశేషం ఒకటున్నది. పైకి గట్టి వాల్‌నట్ దిమ్మెగా కనిపించే బల్ల చాలా సందర్భాలలో అట్టిది కాదు. చౌకరకం కలపతో లోపలి పలకను చేసి, దానిపై మేలైన కలప నుంచి కోసిన పలుచని పొరను, అంటే వెనీరును, జిగురుతో అతికించేవారు. యంత్రంపై బోర్లించే గుండ్రని మూతలను పలుచని పొరలను ఒకదానిపై ఒకటి అతికి, అచ్చులో వంచి తయారుచేసేవారు. చర్మాలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు, లక్కను స్పిరిటులో కరగించి పూసే మెరుగు ఆ కాలపు కొయ్యసామగ్రిలో విరివిగా వాడుకలో ఉండేవి. ఆనాడు లోకానికి లక్కను ప్రధానంగా సరఫరా చేసిన దేశం భారతదేశమే. ఇక్కడి అడవుల లక్క సముద్రాలు దాటి పోయి, పాశ్చాత్య గృహోపకరణాలకు మెరుగై నిలిచింది.

నేలమీది దర్జీ, బల్లముందు దర్జీ

1870ల నుంచి సింగర్ యంత్రాలు భారతదేశంలో వ్యాప్తి చెందసాగాయి. ఈ విక్రయవ్యవస్థను దశాబ్దాల తరబడి బొంబాయి నుంచి నడిపినవాడు నస్సర్వాన్‌జీ మెర్వాన్‌జీ పటేల్ అనే పార్సీ వ్యాపారి. కుట్టని చీర, ధోవతి ప్రధాన వస్త్రాలైన దేశంలో కుట్టుయంత్రాన్ని అమ్మడం సులభమైన పని కాదు. ఐరోపా, అమెరికాలలో గృహిణులను ఆకర్షించిన ఈ యంత్రం ఇక్కడ మొదట వృత్తి దర్జీల చేతికే ఎక్కువగా చేరింది.

దర్జీ నేలపై కూర్చుని పనిచేసేవాడు. అందువల్ల చేతితో తిప్పే చక్రం, దిగువన కొయ్యపీట, పైన మూత, ఎత్తుకుపోవడానికి పిడి గల చేతిమిషను ఈ దేశపు అలవాటుకు చక్కగా సరిపోయింది. పెళ్లిళ్ల రోజులలో దర్జీ మిషనును వెంటబెట్టుకుని గృహస్థుల ఇంటికే వెళ్లి అరుగుమీద కూర్చుని కుట్టేవాడు. కాలితో తొక్కే బల్లమిషను ప్రవేశించిన తరువాత అతడు నేల విడిచి ముక్కాలిపీటపైకి చేరాడు. వృత్తికారుని శరీరభంగిమనే మార్చిన ఈ పరిణామం కొయ్యబల్ల ద్వారా సంభవించింది. చేతిమిషను పీటకు అడుగుభాగాన నేలరాపిడి గుర్తులు, బల్లమిషను అంచున మోచేతుల రాపిడి గుర్తులు ఉండడంలోని చారిత్రకార్థం ఇదే.

జాతీయోద్యమ కాలంలో ఈ యంత్రానికి ఒక విశిష్ట గౌరవం దక్కింది. యంత్రవ్యామోహాన్ని తీవ్రంగా విమర్శించిన గాంధీజీ, 1924 నవంబరులో ‘యంగ్ ఇండియా’ పత్రికలో వెలువడిన ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషనును మినహాయింపుగా పేర్కొన్నారు. భార్య పడే శ్రమను చూడలేక, ప్రేమవల్ల సింగర్ దానిని కనిపెట్టాడన్నది ఆయన భావన. యంత్రం మనిషిని తొలగించక, మనిషి శ్రమను తగ్గించడమే ఆయన కోరిన ప్రమాణం. 1930ల మధ్యకాలంలో కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ ‘ఉషా’ మిషన్ల తయారీకి పూనుకోవడంతో స్వదేశీ కుట్టుమిషను రూపుదిద్దుకున్నది. స్వాతంత్ర్యానంతరం లక్షలాది గృహాలలో అది స్థానం సంపాదించింది.

సూరత్: కొయ్య, వస్త్రం, వరద

తపతీ నదీతీరాన వెలసిన సూరత్ మొగలుల కాలంలో పశ్చిమ తీరపు ప్రధాన రేవు. పదిహేడవ శతాబ్ది ఆరంభంలో ఆంగ్లేయులు తమ వర్తకస్థావరాన్ని ఇక్కడే నెలకొల్పుకున్నారు. నూలు, పట్టు, జరీ వస్త్రాల వాణిజ్యం ఈ నగరానికి జీవనాడి. చేరువలోని డాంగ్ అడవుల టేకు ఈ ప్రాంతపు కొయ్యపనికి ఆధారం. బొంబాయి నౌకానిర్మాణానికి పునాది వేసిన లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా సూరత్ నౌకాశ్రయంలో పని నేర్చినవాడే. 1736 ప్రాంతంలో ఆయన బొంబాయికి తరలివెళ్లాడు.

సూరత్ కొయ్యపనిలో మకుటాయమానమైనది సాదేలీ. ఈ విద్య పర్షియాలోని షిరాజ్ నుంచి సింధు మీదుగా బొంబాయికి, సూరత్‌కు చేరిందని జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో వెలువరించిన భారతీయ కళల గ్రంథంలో పేర్కొన్నాడు. నల్లచేవ, చందనం, దంతం, కొమ్ము, తగరం మొదలైనవాటిని సన్నని కడ్డీలుగా మలచి, జ్యామితీయ క్రమంలో కట్టగా పేర్చి జిగురుతో అతికిస్తారు. ఆ కట్టను అడ్డంగా రంపంతో పలుచని బిళ్లలుగా కోస్తే ప్రతి బిళ్లలోను ఒకే నమూనా ప్రత్యక్షమవుతుంది. ఆ బిళ్లలను కొయ్యపెట్టెపై అతికి, నున్నగా రుద్ది మెరుగు పెడతారు. విదేశీయుల నోట ‘బొంబాయి పెట్టెలు’గా పేరొందిన నగల భరిణెలు, రాతపెట్టెలు ఈ విధంగా తయారైనవే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986, 1991 సంవత్సరాలలో వచ్చిన సవరణలతో దంతం వాడకం నిలిచిపోయింది. ఎముక, ప్లాస్టిక్, రంగు వేసిన కొయ్య దాని స్థానంలోకి వచ్చాయి. నేడు ఈ విద్య కొద్ది కుటుంబాలకు మాత్రమే పరిమితమైంది.

సాదేలీ పెట్టెకూ కుట్టుమిషను పెట్టెకూ పైకి పోలిక కనిపించదు. ఒకటి విలాసవస్తువు, మరొకటి పనిముట్టు. కానీ రెండింటిలోని నిర్మాణసూత్రం ఒక్కటే: సామాన్యమైన లోపలి పలక, దానిపై అమూల్యమైన పలుచని పొర, మధ్య జిగురు, పైన మెరుగు. స్కాట్లండు నుంచి వచ్చిన పెట్టెలో ఊడిన వెనీరును తిరిగి కూర్చడం సాదేలీ పనివానికి అపరిచితమైన విద్య కాజాలదు. సూరత్‌కు ఈ విషయంలో గల అర్హత ఇక్కడే ఉన్నది.

ఈ నగరపు ఇళ్లకు నిప్పూ నీరూ రెండూ శత్రువులైన సందర్భాలున్నాయి. 1837 ఏప్రిల్‌లో సంభవించిన అగ్నిప్రమాదంలో 9 వేలకు పైగా ఇళ్లు కాలిపోయాయి. అదే సంవత్సరం తపతికి వరద వచ్చింది. 1968లోను, తిరిగి 2006 ఆగస్టులోను వరదలు నగరాన్ని ముంచెత్తాయి. 2006లో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీరు నగరంలో అధికభాగాన్ని కొన్ని రోజులపాటు జలమయం చేసింది. వెనీరు సామగ్రికి వరదను మించిన విపత్తు లేదు. ఎముకల జిగురు నీటిలో మెత్తబడి కరుగుతుంది. లోపలి పలక ఉబ్బుతుంది. పైపొర అలలు తేలి ఊడిపోతుంది. ఇనుప యంత్రాన్ని తుడిచి నూనె వేస్తే తిరిగి నడవవచ్చు. బల్ల మాత్రం చెత్తకుప్పకు చేరుతుంది. వరద వెళ్లిన ఇంట్లో చరిత్ర నశించే తీరు ఇంత నిశ్శబ్దంగా ఉంటుంది.

పునరుద్ధరణ క్రమం

పునరుద్ధరణలో మొదటి పని ఉలి పట్టడం కాదు. చూసి నమోదు చేయడం. పెట్టెను నలువైపులా ఛాయాచిత్రాలు తీయాలి. కొలతలు రాయాలి. యంత్రంపై చెక్కిన సంఖ్యను గుర్తించాలి. సింగర్ యంత్రాల సంఖ్యల ఆధారంగా తయారీకాలాన్ని చాలావరకు నిర్ణయించవచ్చు. పెట్టెకు సాధారణంగా అట్టి తేదీ ఉండదు. మరమ్మతులలో ఒక యంత్రాన్ని మరొక బల్లపై బిగించడం కూడా పరిపాటి కాబట్టి, యంత్రపు వయసే పెట్టె వయసని భావించడం ప్రమాదం. మరలు, బందులు, రంపపు గుర్తులు, పొర మందం, అడుగున అతికిన చీటీ, ఇవే పెట్టె విషయంలో సాక్ష్యాలు.

రెండవది శుభ్రపరచడం. సొరుగులలో విరిగిన సూదులు, గుండీలు, దారపు కండెలు, రసీదు ముక్కలు దొరకవచ్చు. వాటిని ఊడ్చి పారవేయక విడిగా భద్రపరచాలి. దుమ్మును మెత్తని కుంచెతో తొలగించాలి. యంత్రం నుంచి కారి కొయ్యలో ఇంకిన నూనెను ముల్తానీ మట్టి వంటి పీల్చే పదార్థంతో మెల్లగా బయటికి లాగవచ్చు. పురుగు రంధ్రాల కింద తాజా పొడి రాలుతున్నట్లయితే పెట్టెను ఇతర సామగ్రి నుంచి వేరుచేసి, ముందుగా పురుగును నివారించాలి.

మూడవది పైమెరుగును గుర్తించడం. కంటికి కనిపించని చోట స్పిరిటు చుక్క వేసి చూస్తే లక్క మెరుగు మెత్తబడుతుంది. ఇతర వార్నిషులు అంత త్వరగా లొంగవు. ఇదే స్పిరిటు యంత్రంపై బంగారు రంగు అలంకరణలకు తగిలితే అవి చెరిగిపోతాయి. అందువల్ల యంత్రాన్ని విడదీసిన తరువాతనే కొయ్యపని చేపట్టాలి.

నాల్గవది ఊడిన పొరను కూర్చడం. పాత జిగురు జంతుజన్యమైనదైతే గోరువెచ్చని తడిగుడ్డ, మితమైన వేడి దానిని మేల్కొల్పుతాయి. అవసరమైన మేరకు అదే రకం కొత్త జిగురు చొప్పించి, కాగితం పరచి, చదునైన పలకతో బిగించి ఒక పగలూ రాత్రీ కదల్చకుండా ఉంచాలి. పోయిన ముక్క స్థానంలో అదే జాతి కలపను, అదే నార దిశలో, ఏటవాలు అంచులతో కోసి అమర్చితే అతుకు కంటికి తక్కువగా తెలుస్తుంది. కృత్రిమ జిగురులు గట్టిగా పట్టినా, తిరిగి విప్పడం కష్టం. రేపటి పనివాడు విప్పగలిగినదే ఉత్తమమైన అతుకు అన్నది సంరక్షణ శాస్త్రంలో ప్రధాన సూత్రం.

చివరిది మెరుగు. దూదిని మెత్తని గుడ్డలో ముడిచి, లక్క ద్రావణంలో తడిపి, పలుచని పూతలుగా పలుమార్లు రుద్దుతారు. గాలిలో చెమ్మ అధికంగా ఉంటే లక్క తెల్లబారుతుంది. సూరత్ వంటి తీరప్రాంత నగరంలో వానలు వెనుదిరిగి, దసరా వెళ్లిన తరువాతి పొడి మాసాలు ఈ పనికి అనువైనవి. లక్కతో కొయ్యకు రంగు, మెరుగు అద్దే ఏటికొప్పాక బొమ్మల పనివారికి కూడా ఈ పదార్థపు స్వభావం బాగా తెలిసినదే.

కొత్తది చేయడమా, నిలబెట్టడమా

ఈ దశలో ఒక మౌలికమైన ప్రశ్న ఎదురవుతుంది. పాతపెట్టెను ఉప్పుకాగితంతో తెల్లగా రుద్ది, కొత్త రంగు, అద్దం వంటి మెరుగు పెట్టినప్పుడు యజమాని సంతోషిస్తాడు. వ్యాపారికి మంచి ధర లభిస్తుంది. వెనీరు మందం స్వల్పం కాబట్టి, ఒకటి రెండుసార్లు గట్టిగా రుద్దితే లోపలి పలక బయటపడుతుంది. అంతకుమించిన నష్టం మరొకటున్నది. బట్ట జారిన దారిలో నునుపెక్కిన అంచు, కత్తెర గీతలు, నూనె మరక, సొరుగు పిడి చుట్టూ నల్లబడిన భాగం, ఇవన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి.

ఆ గుర్తులకు అంత విలువ ఎందుకన్న సందేహం సహజం. దర్జీల ఆదాయం, గృహిణుల కుట్టుపని ప్రభుత్వ దస్తావేజులలో అరుదుగా కనిపిస్తాయి. ఇంట్లో కూర్చుని ఇరుగుపొరుగుల రవికెలు కుట్టి పిల్లలను చదివించిన స్త్రీ శ్రమకు హాజరుపట్టీ లేదు, జీతపు రసీదు లేదు. ఆమె పనిచేసిందనడానికి మిగిలిన సాక్ష్యం ఆ బల్ల అంచున ఏర్పడిన పల్లం మాత్రమే కావచ్చు. దానిని మచ్చగా భావించి రుద్దివేయడం ఒక దస్తావేజును చించివేయడంతో సమానం.

దీనికి ప్రతివాదం లేకపోలేదు. వస్తుప్రదర్శనశాలలోని వస్తువుకు వర్తించే నియమం వాడుకలో ఉన్న పనిముట్టుకు వర్తించదని పనివారు అంటారు. ఊగులాడే బల్లపై కుట్టు సరిగా పడదు. లేచిన పొరకు బట్ట తగులుకొని చిరుగుతుంది. ఈ మాటలో న్యాయమున్నది. కాబట్టి రెండు ప్రయోజనాలను సమన్వయించడమే వివేకం. కీళ్లు బిగించాలి, పొర అతకాలి, సొరుగు నడిపించాలి. వాడుకవల్ల ఏర్పడిన గుర్తును మాత్రం పనికి అడ్డురానంతవరకు నిలుపుకోవాలి. పాత ఇనుప కాళ్లను ఉపాహారశాలల బల్లలకు తరలించి, కొయ్యభాగాన్ని పొయ్యిపాలు చేసే ఆధునిక అభిరుచి కంటే ఈ మార్గం ఎంతో మేలైనది.

తెలుగువారి పాలు

ఈ అంశానికీ తెలుగువారికీ గల సంబంధం సూరత్ వీథులలోనే కనిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు, తదితర శ్రామికులు గత శతాబ్దిలో మరమగ్గాల పనికై ఈ నగరానికి పెద్దసంఖ్యలో తరలివచ్చారు. లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాలలో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపిన బోధనామాధ్యమాలలో తెలుగు కూడా ఒకటి కావడం వారి సంఖ్యాబలానికి నిదర్శనం. పురుషులు మగ్గాలకు వెళ్లగా, స్త్రీలు ఇంటివద్ద చీరలకు లేసు, ఫాలు కుట్టడం వంటి పనులతో కుటుంబాన్ని ఆదుకోవడం వస్త్రనగరాలలో సర్వసాధారణం. అట్టి ఇంట కుట్టుమిషను రెండవ మగ్గం.

దసరానాడు పనిముట్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పూజించడం తెలుగువారి ఆచారం. మగ్గానికి జరిగే పూజ మిషనుకూ జరుగుతుంది. ఏటేటా పెట్టిన బొట్టు కొయ్యలోకి ఇంకి ఎర్రని ఛాయగా నిలిచిపోవచ్చు. పునరుద్ధరణకు పూనుకున్న పనివానికి అది మరకగా తోచవచ్చు. తెలిసినవానికి అది పొట్టకూటికై ఊరు విడిచి వచ్చిన కుటుంబం తన ఆచారాన్ని వెంట తెచ్చుకున్నదనడానికి రుజువు. క్లైడ్‌బ్యాంక్‌లోనో కలకత్తాలోనో తయారై, సూరత్‌లో పనిచేసి, తెలంగాణ కుంకుమ ధరించిన పెట్టెలో ఎన్ని ప్రాంతాల చరిత్ర కలిసి ఉన్నదో చెప్పనవసరం లేదు.

సాంస్కృతిక సంరక్షణకు దేశంలో బలమైన వ్యవస్థలున్నాయి. లక్నోలో 1976లో సాంస్కృతిక సంపద పరిరక్షణకై జాతీయ పరిశోధనశాల ఏర్పడింది. సూరత్‌లో 1890లో వించెస్టర్ మ్యూజియంగా మొదలైన వస్తుప్రదర్శనశాల తరువాత సర్దార్ పటేల్ పేరును ధరించింది. ఇట్టి సంస్థల దృష్టి సహజంగానే శిల్పాలు, చిత్రాలు, తాళపత్రాల వైపు ఎక్కువగా ఉంటుంది. ఆ దృష్టి నిత్యజీవితపు పనిముట్లపై కూడా ప్రసరించవలసిన సమయమిది. ఇందుకు భారీ వ్యయం అక్కరలేదు. సాదేలీ పనివారికి, లక్క మెరుగు తెలిసిన వడ్రంగులకు సంరక్షణ సూత్రాలలో కొద్దిపాటి శిక్షణ ఇస్తే వారి విద్యకు కొత్త ఉపాధి దొరుకుతుంది. పాతమిషన్లు గల కుటుంబాల నుంచి పెట్టెల వివరాలను, వాటిపై పనిచేసినవారి జ్ఞాపకాలను సేకరించి నమోదు చేస్తే రాతలో లేని శ్రమచరిత్రకు ఆధారం లభిస్తుంది. స్వయం ఉపాధి పథకాల కింద ప్రభుత్వాలు పేద మహిళలకు కుట్టుమిషన్లు పంపిణీ చేస్తూ వచ్చాయి. ఆ పథకాల చరిత్ర రాయవలసి వచ్చిన నాడు కూడా లెక్కల పుస్తకాలతోపాటు ఇట్టి బల్లలు, సొరుగులు అవసరమవుతాయి.

సూరత్ నిప్పుకు, నీటికి ఎన్నో ఇళ్లను కోల్పోయి, ప్రతిసారీ తిరిగి నిలబడిన నగరం. అక్కడి సాదేలీ పనివాడు చిన్నచిన్న ముక్కలను ఒక్కటిగా కూర్చి నమూనాను సృష్టించాడు. కుట్టుమిషను పెట్టెను బాగుచేసేవాడు విడిపోయిన ముక్కలను తిరిగి కూర్చి, ముందే ఉన్న నమూనాను కాపాడవలసి ఉంటుంది. మొదటి పనికి కావలసినది నేర్పు. రెండవదానికి నేర్పుతోపాటు, తన చేతిని ఎక్కడ ఆపాలో తెలిసిన వినయం కూడా కావాలి.